అమావాస్య చూసుకుని బయల్దేరారు!

ఎల్బీ నగర్ చౌరస్తాలో నిలబడి ‘సముద్రం ఎటువైపు?’ అని అడిగితే ఎవరైనా విజయవాడ రోడ్డే చూపిస్తారు. ఆ రోడ్డు పట్టుకుని పోగా పోగా ఎప్పటికో బందరో, బాపట్ల సూర్యలంకో వస్తుంది. మూడు వందల కిలోమీటర్ల పైమాటే. అందుకే ఈ చుట్టుపక్కల కాలనీల్లో సముద్రమంటే ఎప్పుడో ఒకసారి చూసొచ్చేది. చూసి, మోకాళ్ల లోతు దాకా వెళ్లి, ప్యాంటు తడిసిందని నవ్వుకుని తిరిగొచ్చేది.

ఆ కాలనీలకు ఇప్పుడు కొత్త ఊరి పేరొకటి వినిపిస్తోంది. అండమాన్. ఒకప్పుడు మన పెద్దవాళ్లకు ఆ మాట వింటేనే గుండె ఝల్లుమనేది. ద్వీపాంతరం పంపారంటే మనిషి తిరిగి రాడనే లెక్క. సెల్యులార్ జైలు కట్టడం 1906కు పూర్తయింది. ఆ జైలున్న ఊరికే ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ ట్రావెల్స్ ఆఫీసుల్లో ‘అయిదు రాత్రులు, ఆరు పగళ్లు’ అంటూ టికెట్లు బుక్ చేస్తున్నారు. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం దొరికితే రెండున్నర గంటల ప్రయాణం. విశాఖ నుంచి ఓడలో వెళితే రెండు రోజుల పైనే పడుతుంది.

వెళ్లడం తేలికైంది. వెళ్లి ఏం చూడాలి, ఎప్పుడు చూడాలి అన్నదే తేలడం లేదు. ట్రావెల్స్ వాళ్లిచ్చే కాగితంలో గంటగంటకూ ఒక కార్యక్రమం ఉంటుంది. తొమ్మిదికి స్నార్కెలింగ్, పదకొండుకి గాజు అడుగు పడవ, రెండుకి బీచ్. ఆ కాగితం ఎంత పక్కాగా ఉన్నా సముద్రానికి దాంతో పనిలేదు. నీళ్లు ఎప్పుడు వెనక్కి పోవాలో, ఎప్పుడు తేటపడాలో దానికి వేరే లెక్కుంది.

ఆ లెక్క తెలుసుకోవడానికి చింతలకుంటలో ఓ కుటుంబం 2025 సంక్రాంతి నుంచి ఏప్రిల్ దాకా కుస్తీ పట్టింది. ఆయన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు. కొడుకు తొమ్మిదో తరగతి. కూతురికి తొమ్మిదేళ్లు. సూర్యాపేట దగ్గరి పల్లె నుంచి వచ్చి వాళ్లతోనే ఉంటున్న నానమ్మకు అరవై ఎనిమిది. ఆయనకు ఎల్టీసీ ఉంది. రెండేళ్లు కట్టిన చీటీ డబ్బు చేతికొచ్చింది. ఇలాంటి ప్రయాణం మళ్లీ మళ్లీ కుదిరేది కాదు.

సెలవులు మనవి... సముద్రం?

మొదటి చిక్కు సెలవుల దగ్గరే వచ్చింది. అండమాన్‌లో సముద్రం ప్రశాంతంగా, నీళ్లు తేటగా ఉండేది డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా. ఉత్తరాన దిగ్లీపూర్ దగ్గరున్న కాలీపూర్ తీరానికి తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఎక్కువగా వచ్చేదీ డిసెంబరు, ఫిబ్రవరి మధ్యనే. అంటే సంక్రాంతి సెలవులు అచ్చంగా సరిపోతాయి. కానీ సంక్రాంతికి ఎల్బీ నగర్‌లో ఎవరుంటారు? పంతంగి టోల్‌గేటు దగ్గర కార్ల బారులో ఉంటారు. ‘పండక్కి ఊరికి పోకుండా దీవికి పోతరా?’ అని నానమ్మ ఒక్క మాటతో తేల్చేసింది.

దసరా సంగతి చూశారు. అక్టోబరు, నవంబరు నెలలు బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. వేసవి సెలవులున్నాయి కదా అంటే, మన దేశంలో నైరుతి రుతుపవనాలు ముందుగా పలకరించేదే అండమాన్, నికోబార్‌ని. మామూలుగా మే మూడో వారం. 2025లో అయితే మే 13నే దక్షిణ అండమాన్ సముద్రం దాకా వచ్చేశాయి. అంటే ‘ముందు పెళ్లిళ్లకు వెళ్లొచ్చి మే ఆఖర్లో పోదాం’ అనుకునేవాళ్లు వాన చూడ్డానికి వెళ్లినట్టే.

చివరికి మిగిలింది ఏప్రిల్ ఆఖరు వారం. పరీక్షలు అయిపోతాయి, వానలు ఇంకా రావు. మధ్యలో ఉన్న ఆ రెండు మూడు వారాలే బడిపిల్లలున్న తెలుగు ఇళ్లకు దొరికే కిటికీ. అయితే తాబేళ్ల కాలం మాత్రం అప్పటికి దాటిపోతుంది. తాబేలు గుడ్లు పెడుతుంటే చూడాలని బొమ్మలు గీసుకుని కూర్చున్న చిన్నది రెండు రోజులు అలిగింది.

తిథి చెప్పిన కబురు

నెల ఖాయమైంది. మరి రోజు? ఇక్కడ అక్కరకొచ్చింది గోడకు వేలాడుతున్న తిథుల క్యాలెండరు.

సముద్రం రోజుకు రెండుసార్లు ముందుకొస్తుంది, రెండుసార్లు వెనక్కి పోతుంది. మన భాషలో ఆటుపోట్లు. ఇవి ప్రధానంగా చంద్రుడి లాగుడు వల్ల వచ్చేవి. అమావాస్యకు, పౌర్ణమికి సూర్యుడు, చంద్రుడు, భూమి దాదాపు ఒకే వరసలోకి వస్తాయి కాబట్టి లాగుడు రెట్టిస్తుంది. ఆ తిథి దాటిన ఒకటి రెండు రోజులకు పోటు బాగా ఎగదన్నుతుంది, ఆటుకు నీళ్లు బాగా వెనక్కి జారతాయి. అష్టమి నాటికి సూర్యచంద్రులు చెరో దిక్కుకూ లాగుతారు గనక తేడా తగ్గిపోతుంది, నీటి ఒరవడీ తగ్గుతుంది.

ఇందులో పర్యాటకుడికి పనికొచ్చే సంగతి ఏముంది? చాలా ఉంది. ఒకప్పుడు నీల్ అని పిలిచిన దీవికి 2018 డిసెంబరు నుంచి షహీద్ ద్వీప్ అని పేరు. అక్కడ రాతితో సహజంగా ఏర్పడ్డ వంతెన ఉంది. ఆటు సమయంలో నీళ్లు వెనక్కి పోతే దాని చుట్టూ రాళ్ల మధ్య గుంటలు బయటపడతాయి. వాటిలో పీతలు, సముద్ర దోసకాయలు, చిన్న చిన్న చేపలు, పగడాలు... ఈత రానివాళ్లు కూడా నడుచుకుంటూ చూడొచ్చు. పోటు వేళ వెళ్తే నీళ్లు తప్ప ఏమీ కనిపించవు. కాబట్టి ఆ దీవికి అమావాస్యో పౌర్ణమో దాటిన మర్నాడు వెళ్లాలి. ఆటు రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అందుకని అది పగటి వెలుతుర్లో పడుతుందా అన్నదీ ముందే చూసుకోవాలి.

హేవ్‌లాక్ దీవి ఇప్పుడు స్వరాజ్ ద్వీప్. అక్కడ చీకటి రాత్రుల్లో తెడ్డు వేస్తే నీళ్లు నీలంగా మెరుస్తాయి. కంటికి కనపడని సూక్ష్మజీవులు కదలికకు వెలిగే వెలుగది. వెన్నెల ఉంటే ఆ మెరుపు తెలియదు. కాబట్టి దానికీ అమావాస్య పక్కనే ఉండాలి. స్నార్కెలింగ్‌కు, డైవింగ్‌కు మాత్రం ఒరవడి తగ్గిన రోజులు మేలు. అంటే అష్టమి వైపు జరగాలి.

ఇదంతా కలిపి చూస్తే దారి దొరికినట్టే. అమావాస్యకు బయల్దేరి అష్టమికి తిరిగొస్తే నడక, మెరుపు, మునక మూడూ ఒకే వారంలో పడతాయి. 2025లో ఏప్రిల్ 27 ఆదివారం, అమావాస్య. స్కూళ్లకు సెలవులిచ్చింది ఏప్రిల్ 24న. ఇంతకన్నా బాగా ఎవరు కుదర్చగలరు?

అమాస నాడు నీళ్ల మీదికా?

‘అమాస నాడు ఎవరన్న గడప దాటుతరా? అదీ నీళ్ల మీదికి!’

నానమ్మ అంత గట్టిగా మాట్లాడటం పిల్లలెప్పుడూ వినలేదు. కొడుకు ఆటుపోట్ల లెక్క చెప్పాడు. విమానం ఎక్కేది పొద్దున, దిగేది నేల మీద అన్నాడు. రాహుకాలం చూసి పెడదామన్నాడు. ఆమె పలకలేదు. తర్వాత రెండు రోజులూ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

అసలు సంగతి పట్టుకుంది కోడలు. ఆమె అడ్డు చెప్పింది తిథికి కాదు, నీళ్లకి. సాగర్ ఎడమ కాలువ ఆ పల్లె పక్కనుంచే పోతుంది. ముప్ఫై ఏళ్ల కిందట ఆమె చిన్న కొడుకు స్నేహితులతో స్నానానికి దిగి తిరిగి రాలేదు. పదహారేళ్లు. ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. పిల్లాడి పుట్టువెంట్రుకలు తీయించడానికి వెళ్లినా ఆమె నది దగ్గరకు రాదు, మెట్ల పైనే కూర్చుంటుంది. మనవడిని స్కూలు వాళ్లు ఎక్కడికి పిక్నిక్ తీసుకెళ్లినా ‘అక్కడ చెరువున్నదా?’ అనే అడుగుతుంది. ఈ భయం వల్లే పద్నాలుగేళ్లొచ్చినా వాడికి ఈత రాదు.

ఆ రాత్రి వంటింట్లో కోడలు ఒక్కటే అంది. ‘అత్తయ్యా, వాడు రేపు కాలేజీకి పోతాడు, హాస్టల్లో ఉంటాడు. ఏదో ఒక రోజు నీళ్లలోకి దిగుతాడు. ఈత వచ్చి దిగుతాడా, రాక దిగుతాడా అన్నదే మన చేతిలో ఉంది.’

జవాబు రాలేదు. కానీ ఫిబ్రవరి మొదటి వారం నుంచి పొద్దున్నే ఈతకొలనుకు మనవడితో పాటు నానమ్మ కూడా తయారైంది. గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో కొంగు బిగించుకుని కూర్చునేది. మొదటి వారం కళ్లు మూసుకునే ఉందట. రెండో వారం కోచ్‌ను అడగడం మొదలుపెట్టింది. కాళ్లు అట్ల కొట్టాలా, ఇట్ల కొట్టాలా అని. మూడో నెలలో ఒకరోజు కొడుకును పిలిచి నెమ్మదిగా అంది... ‘ఆ గాలి జాకెట్టు ముసలోళ్లకు సుత ఇస్తరా?’

అయిదో టికెట్ ఆ మధ్యాహ్నమే తీశారు.

ముందు హరిణ వనస్థలి

దీవికి వెళ్లేముందు ఇంటి పక్కనే ఒక రిహార్సల్ జరిగింది. వనస్థలిపురం దాటగానే విజయవాడ రోడ్డును ఆనుకుని మహావీర్ హరిణ వనస్థలి ఉంది. ఒకప్పుడు నిజాం వేటాడిన అడవి. 1994లో జాతీయ ఉద్యానమైంది. కృష్ణజింకలకు పెట్టింది పేరు. ఆ రోడ్డు మీద రోజూ బస్సుల్లో తిరిగే లక్షల మందిలో లోపలికి వెళ్లినవాళ్లు ఎందరో చెప్పడం కష్టం.

మొదటి ఆదివారం పిల్లలు అరుచుకుంటూ వెళ్లారు. జింకల వెనక భాగాలు తప్ప ఏమీ కనిపించలేదు. తర్వాతి ఆదివారం పొద్దున్నే వెళ్లి, గొంతు తగ్గించి, ఒకచోట నిలబడ్డారు. కాసేపటికి నల్లటి మగజింక మెలికల కొమ్ములతో దారికడ్డంగా నడిచి వెళ్లింది. సముద్రంలోనూ సూత్రం ఇదే. ఆత్రంగా కాళ్లు కొట్టుకుంటూ వెంటపడితే చేప పారిపోతుంది. కదలకుండా తేలితే దగ్గరికొస్తుంది. డబ్బు కట్టాం కాబట్టి తాబేలు కనిపించి తీరాలనే లెక్క అక్కడ చెల్లదు. అండమాన్ రాష్ట్ర జంతువు దుగాంగ్. సముద్రగడ్డి మేస్తూ బతికే ఈ పెద్ద ప్రాణి అక్కడ పుట్టి పెరిగినవాళ్లలో కూడా చాలామంది కంట పడలేదు.

ఇంకో విచిత్రం. సముద్రం లేని మన నగరంలోనే దేశానికంతటికీ సముద్రం కబురు చెప్పే సంస్థ ఉంది. మెట్రో ఎర్ర లైనుకు ఈ చివర ఎల్బీ నగర్ అయితే, ఆ చివరి వైపు ప్రగతి నగర్‌లో ఉంది ఇన్‌కాయిస్. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత 2007లో సునామీ హెచ్చరికల కేంద్రాన్ని పెట్టిందీ ఇక్కడే. అలల ఎత్తు ఎంతుంటుందో, కెరటాల హెచ్చరిక ఉందో లేదో అండమాన్‌కు కూడా ఇక్కడి నుంచే చెబుతారు. బయల్దేరే వారం ఆ కబురు రోజూ చూడటం తండ్రి వంతు.

కాగితం మీద ఎనిమిది రోజులు

వాళ్లు చివరికి రాసుకున్న కాగితం ఇది. 27న శ్రీ విజయపురం. పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో పెట్టిన పేరు. 28, 29 షహీద్ ద్వీప్‌లో ఆటు చూసి నడక. 30న స్వరాజ్ ద్వీప్. అది అక్షయ తృతీయ, దిల్‌సుఖ్‌నగర్ బంగారం షాపులు కిటకిటలాడే రోజు. ఆ రాత్రి వాళ్లు నీళ్లలో మెరుపు చూడాలి. మే 1న స్నార్కెలింగ్, పెద్దాడికి ఒక డైవ్. 2న పడవలో వెనక్కి. 3న ఏమీ లేదు. 4న విమానం.

3న ఏమీ లేకపోవడమే ఈ కాగితంలో అన్నిటికన్నా ముఖ్యం. గాలి లేస్తే పడవలు ఆపేస్తారు. దీవిలో ఇరుక్కుంటే విమానం పోతుంది. అందుకే ఆఖరి రాత్రి ఎప్పుడూ విమానాశ్రయం ఉన్న ఊళ్లోనే గడపాలి. రెండో కారణం కూడా ఉంది. డైవింగ్ చేశాక కనీసం 18 గంటలు, వీలైతే ఒక రోజంతా విమానం ఎక్కకూడదు. ఒంట్లో కరిగిన నైట్రోజన్ బయటికి పోవడానికి ఆ టైము కావాలి. పడవ సరిగ్గా వస్తే ఆ ఖాళీ రోజున వండూర్ వెళ్లాలని రాసుకున్నారు. అక్కడి మహాత్మాగాంధీ సముద్ర జాతీయ ఉద్యానం 1983లో ఏర్పడింది. అందులో జాలీ బోయ్, రెడ్ స్కిన్ అనే రెండు దీవులను ఏడాదిలో చెరికాస్త కాలం తెరుస్తారు, పగడాలకు విశ్రాంతి ఇవ్వడానికి. మే మొదట్లో జాలీ బోయ్ వంతు. ప్లాస్టిక్ సీసా లోపలికి రానివ్వరు.

ఇంకొన్ని చిన్న సంగతులు మీకూ పనికొస్తాయి. అక్కడ గడియారం మనదే, సూర్యుడు మాత్రం మనకన్నా దాదాపు గంట ముందుంటాడు. సాయంత్రం అయిదున్నరకే చీకటి పడుతుంది కాబట్టి ఏడింటికి నిద్ర లేచే ఇల్లు సగం రోజు పోగొట్టుకుంటుంది. డైవింగ్‌కు మామూలుగా పదేళ్లు నిండాలి. ఉబ్బసం, గుండె జబ్బు, చెవి బాధ ఉన్నవాళ్లు ముందు డాక్టరును అడగాలి. ఆ రోజు జలుబు చేసినా దిగకూడదు, చెవుల్లో ఒత్తిడి సర్దుకోదు. అడిగిన కాగితంలో ‘ఏ జబ్బూ లేదు’ అని అబద్ధం రాయకూడదు.

పడవ విషయంలో మొహమాటం అసలే వద్దు. 2014 జనవరి 26న శ్రీ విజయపురం దగ్గర కిక్కిరిసిన పర్యాటకుల పడవ మునిగి ఇరవై మందికి పైగా చనిపోయారు. జాకెట్లు తల కొకటి లేకపోతే, మనుషులు ఎక్కువైతే దిగిపోవాలి. డబ్బు పోతే పోనీ. మొసళ్ల హెచ్చరిక బోర్డున్న చోట నీళ్లలోకి దిగకూడదు. 2010లో స్వరాజ్ ద్వీప్‌లో ఓ విదేశీ యువతిని ఉప్పునీటి మొసలి పొట్టన పెట్టుకుంది.

తాకకుండా చూడాలి

పగడం రాయిలా కనిపిస్తుంది గానీ ప్రాణి. కొమ్మలుగా పెరిగే రకం ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు పెరుగుతుంది. గుండ్రటి దిబ్బలైతే సెంటీమీటరు అటూ ఇటూ. ఒక్క కాలి తాపుతో విరిగేది మనవడి వయసంత పెరుగుదల. అసలే నీళ్లు వేడెక్కి 2010లోనూ, 2016లోనూ అండమాన్ పగడాలు పాలిపోయాయి. కాబట్టి వాటి మీద నిలబడకూడదు. చేపలకు బ్రెడ్డు వేసే పడవ వాళ్లకు వద్దని చెప్పాలి. ఎండకు క్రీములు దట్టంగా పూసుకునే బదులు పొడుగు చేతుల చొక్కా వేసుకుంటే ఒంటికీ మంచిది, నీళ్లకూ మంచిది. పగడం ముక్క, చచ్చిందైనా సరే, సంచిలో వేసుకుంటే నేరం. రాతి పగడాలకు, సముద్ర దోసకాయలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పులికున్నంత రక్షణ ఉంది.

భాష గురించి బెంగ అక్కర్లేదు. 2011 లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగే. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత మనదే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడ్డ జాలరి కుటుంబాలు ఎన్నో. షహీద్ ద్వీప్‌లో చింతలకుంట కుటుంబానికి దారి చూపినవాడూ అలాంటివాడే. ‘పెద్దమ్మా, నిన్న అమావాస్య గదా, ఇయాల నీళ్లు బాగా ఎనక్కెళ్తాయి, సూడు’ అన్నాడట. తమ ఊళ్లో వేట లెక్క కూడా తిథి ప్రకారమేనని చెప్పాడట.

నీళ్లు అలాగే వెనక్కి పోయాయి. రాళ్లు జారుడుగా ఉన్నాయని నానమ్మను ఇసుక దాటి రావద్దన్నారు. ఆమె విన్నది కాదు. మనవడి భుజం పట్టుకుని మొదటి గుంట దాకా నడిచింది. లోపల నల్లటి సముద్ర దోసకాయ, దాని పక్కన వేలెడంత నీలం చేప. చాలాసేపు వంగి చూసింది. మనవడి భుజం మీది చెయ్యి మాత్రం తియ్యలేదు. మే 1న వాడు డైవింగ్‌కు దిగినప్పుడు పైన పడవలో జాకెట్ వేసుకుని కూర్చుంది. నీళ్ల మీదికి వచ్చే బుడగలు లెక్కపెట్టిందట. వాడు పైకొచ్చాక తిట్టలేదు, ఏడవలేదు. ‘లోపల చలి ఉన్నదా?’ అని అడిగింది. అంతే.

చిన్నదానికి మాత్రం ఆ రోజు కోపమే. అన్నకు ఇచ్చారు, తనకు వయసు చాలదన్నారు. ఇప్పుడు దానికి పదేళ్లు నిండాయి. ఈతకొలనుకు తనూ వెళ్తోంది. తాబేళ్ల కోసం అంత దూరం పోనక్కర్లేదని, ఆలివ్ రిడ్లేలు మన ఆంధ్ర తీరానికీ జనవరి నుంచి గుడ్లు పెట్టడానికి వస్తాయని తెలుసుకుంది. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అటు నుంచి అటే సూర్యలంక పోదామని నానమ్మ దగ్గర మాట తీసుకుంది. తిథి చూసే పని నానమ్మదే.